పథకంలోనే దాగిన వర్ణరేఖ: ‘ఆడ్స్ అగైన్‌స్ట్ టుమారో’లో ముగ్గురు దొంగలు

న్యూయార్క్ నగరానికి ఉత్తరాన, హడ్సన్ నది ఒడ్డున మెల్టన్ అనే చిన్న ఊరు. అక్కడి బ్యాంకులో తలుపులు మూసేశాక కూడా కొద్దిమంది ఉద్యోగులు లోపలే ఉండి డబ్బు లెక్కపెడుతుంటారు. ఆ సమయానికి దగ్గరలోని డ్రగ్‌స్టోర్ (మందులతో పాటు తినుబండారాలు కూడా అమ్మే దుకాణం) నుంచి ఒక నల్లజాతి పనివాడు వాళ్లకు కాఫీ, శాండ్‌విచ్‌లు తెచ్చి పక్కతలుపు తడతాడు. లోపలివాళ్లు గొలుసు తీయకుండా తలుపు కొంచెం తెరిచి, బయట నిలబడినవాడి చేతిలోని డబ్బానూ ఒంటిమీది దుస్తులనూ చూస్తారు. ముఖాన్ని మాత్రం పరీక్షగా చూడరు. 1959లో రాబర్ట్ వైజ్ దర్శకత్వంలో వచ్చిన ‘ఆడ్స్ అగైన్‌స్ట్ టుమారో’ చిత్రంలోని బ్యాంకు దోపిడీ మొత్తం ఈ ఒక్క అలవాటు మీద ఆధారపడి ఉంటుంది. అదే ఎత్తులో, అదే రంగులో ఉన్న మరొక మనిషి అదే తెల్లకోటు వేసుకుని అదే వేళకు వస్తే ఎవరూ తేడా గమనించరని దొంగల లెక్క. ఆ లెక్క తప్పలేదు. తలుపు తెరుచుకుంది, డబ్బు చేతికి అందింది, అయినా ముగ్గురిలో ఒక్కడు కూడా ప్రాణాలతో మిగల్లేదు.

ఈ చిత్రం గురించి సాధారణంగా చెప్పే సారాంశం ఇలా ఉంటుంది: ముఠాలో ఒక తెల్లజాతి దురహంకారి, ఒక నల్లజాతి గాయకుడు ఉన్నారు, వాళ్లిద్దరి మధ్య ద్వేషం వల్ల చక్కటి పథకం చెడిపోయింది. ఇది అబద్ధం కాదు కానీ సగం నిజమే. వివక్ష ఒక మంచి పథకంలోకి బయటి నుంచి వచ్చి చేరిన లోపంలా ఈ సారాంశం వినిపిస్తుంది. చిత్రంలో జరిగేది వేరు. ఆ ఊరి తెల్లవాళ్లు నల్ల పనివాళ్ల ముఖాలు చూడరు కాబట్టే ఆ పథకం పుట్టింది. ముఠాలో మూడోవాడిగా నల్లవాడే కావలసి వచ్చింది కూడా అందుకే. అంటే దోపిడీని సాధ్యం చేసింది వర్ణవివక్షే, దాన్ని కూల్చింది కూడా వర్ణవివక్షే. ఈ రెండు పనులూ ఒకే మూలం నుంచి ఎలా జరిగాయో తెలుసుకోవాలంటే పథకాన్నీ మనుషులనూ విడదీయకుండా చూడాలి.

ముందుగా దోపిడీ చిత్రాల సంప్రదాయం గురించి కొంత చెప్పుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలం నుంచి యాభైల చివరిదాకా అమెరికాలో వచ్చిన చీకటి నేర చిత్రాలను ఫిల్మ్ నువార్ అని పిలుస్తారు. వాటిలో దోపిడీ కథలది ఒక ప్రత్యేక శాఖ. 1950 నాటి ‘ది అస్ఫాల్ట్ జంగిల్’, 1956 నాటి ‘ది కిల్లింగ్’ ఆ శాఖకు నమూనాలు. పథకం వేయడం, మనుషులను సమకూర్చుకోవడం, పని పూర్తిచేయడం, చివరికి అంతా విచ్ఛిన్నం కావడం ఆ కథల నడక. నేరస్థులు లాభపడినట్టు చూపకూడదన్న ఆనాటి హాలీవుడ్ నియమావళి వల్ల వైఫల్యం ఎలాగూ తప్పనిసరి. కాబట్టి దర్శకుడు నిర్ణయించుకోవలసింది ఎలా విఫలమవుతుందన్నదే. చాలా చిత్రాల్లో ఆ పని విధి చేస్తుంది: ఎక్కడో ఒక అలారం మోగుతుంది, విమానాశ్రయంలో ఒక పాత సూట్‌కేసు తెరుచుకుని నోట్లు గాలికి ఎగిరిపోతాయి. వైజ్ చిత్రంలో విధికి అంత పని లేదు. దోపిడీ జరగకముందే ఇద్దరు మనుషులు ఎదురుపడిన మొదటి నిమిషంలోనే పతనం ఖాయమవుతుంది, మిగిలిన కథంతా ఆ పతనం ఏ దారిలో వస్తుందో చూపించడానికే నడుస్తుంది.

ఈ ఆలోచనకు ఒక చిన్న పూర్వరంగం ‘ది కిల్లింగ్’లోనే ఉంది. గుర్రప్పందేల మైదానం పక్కన కార్లు నిలిపే చోట పనిచేసే ఒక నల్లజాతి ఉద్యోగి, తుపాకీతో పొంచి ఉన్న నిక్కీ అనే తెల్లవాడితో స్నేహంగా మాట్లాడతాడు. అతడు తనతో మర్యాదగా ప్రవర్తించాడన్న కృతజ్ఞతతో అదృష్టం కోసం ఒక గుర్రపు నాడా తెచ్చి ఇస్తాడు. సమయం మించిపోతోందన్న కంగారులో నిక్కీ అతణ్ని వదిలించుకోవడానికి జాతిని అవమానించే మాట ఒకటి విసురుతాడు. ఆ ఉద్యోగి నాడాను నేలమీద పారేసి వెళ్లిపోతాడు. కొద్దిసేపటికి పారిపోబోయిన నిక్కీ కారు టైరు అదే నాడా మీద ఎక్కి పగులుతుంది, కాపలాదారు తూటాకు అతను చనిపోతాడు. ఆ సన్నివేశాన్ని చాలామంది విధి ఆడిన ఆటగానే చదువుతారు. నాకు మాత్రం అది అంతకంటే కచ్చితమైన విషయంగా కనిపిస్తుంది: అవమానాన్ని సులువైన పనిముట్టుగా వాడుకున్నవాడు దాని మూల్యాన్ని అక్కడికక్కడే చెల్లించాడు. మూడేళ్ల తరువాత వచ్చిన ‘ఆడ్స్ అగైన్‌స్ట్ టుమారో’ ఆ కొద్ది నిమిషాల సంగతిని పూర్తి కథగా విస్తరించింది.

అంతకుముందు నువార్ చిత్రాల్లో నల్లజాతివాళ్లు ఎక్కడ ఉండేవారో గుర్తుచేసుకుంటే ఈ విస్తరణ విలువ తెలుస్తుంది. వాళ్లు రైల్వే కూలీలుగా, లిఫ్టు నడిపేవాళ్లుగా, రాత్రి క్లబ్బులో పియానో వాయించేవాళ్లుగా చట్రం అంచున కనిపించి మాయమయ్యేవారు. 1950లో వచ్చిన ‘నో వే అవుట్’ లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. అందులో సిడ్నీ పోయిటియర్ పోషించిన యువ వైద్యుణ్ని ఒక తెల్లజాతి నేరస్థుడి ద్వేషం వెంటాడుతుంది. కానీ అక్కడి నల్లజాతి కథానాయకుడు మచ్చలేనివాడు, ఓర్పుకు ప్రతిరూపం. వైజ్ చిత్రంలో హ్యారీ బెలాఫాంటే పోషించిన జానీ ఇంగ్రామ్ అలాంటి ఆదర్శమూర్తి కాడు. అతను జూదగాడు, అప్పులపాలైనవాడు, భార్యతో విడిపోయినవాడు, తుపాకీ పట్టుకుని బ్యాంకులోకి వెళ్లేవాడు. ఒక నల్లజాతి నటుడికి తప్పు చేసే హక్కును ఇవ్వడం కూడా సమానత్వంలో భాగమేనని ఆ రోజుల్లో గుర్తించినవాళ్లు తక్కువ.

చిత్రం మొదలవగానే రాబర్ట్ రయన్ పోషించిన ఎర్ల్ స్లేటర్ గాలి విసురుగా వీస్తున్న న్యూయార్క్ వీధిలో నడిచి వస్తాడు. ఆడుకుంటున్న ఒక నల్లజాతి చిన్నపిల్ల పరుగెత్తుతూ వచ్చి అతనికి తగులుతుంది. అతను ఆ పిల్లను ఎత్తుకుని, నవ్వుతూ, నల్లజాతి పిల్లలను చులకన చేయడానికి దక్షిణాది తెల్లవాళ్లు తరతరాలుగా వాడే మాటతో ముద్దుగా మందలిస్తాడు. ఆ నవ్వే ప్రేక్షకుణ్ని కలవరపెడుతుంది. తరువాత అతను ఒక హోటల్లోకి వెళ్లి లిఫ్టు ఎక్కుతాడు. లిఫ్టు నడిపే నల్లజాతి మనిషి పలకరిస్తే ముఖం బిగించుకుంటాడు. కొద్దిసేపటికి జానీ అదే వీధిలో కారు దిగి, అదే పిల్లలతో సరదాగా మాట్లాడి, అదే లిఫ్టువాడితో హాస్యమాడుతూ అదే అంతస్తుకు చేరతాడు. ఇద్దరి స్వభావాలనూ ఒక్క ఉపన్యాసం లేకుండా, ఒకే దారిలో రెండుసార్లు నడిపించి వైజ్ చూపించిన తీరు నాకు ఈ చిత్రంలో అత్యంత పొదుపైన పనితనంగా అనిపిస్తుంది. ‘సిటిజన్ కేన్’కు ఎడిటర్‌గా పనిచేసిన మనిషికి ఇలాంటి జోడింపుల విలువ బాగా తెలుసు.

స్లేటర్‌ను కేవలం దుర్మార్గుడిగా చూపించి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరమే ఉండేది కాదు. అతను యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు, జైలుకు వెళ్లివచ్చినవాడు, దక్షిణాది పల్లె నేపథ్యం నుంచి వచ్చి పెద్ద నగరంలో దిక్కులేక మిగిలినవాడు. వయసు మీదపడుతోంది, చేతిలో పని లేదు, షెల్లీ వింటర్స్ పోషించిన లోరీ అనే స్త్రీ సంపాదన మీద బతుకుతున్నాడు. ఆమె ప్రేమగా ఇచ్చే డబ్బు అతనికి ప్రతిసారీ దెబ్బలా తగులుతుంది. బారులో ఒక యువ సైనికుడు అతని ముందు కుస్తీపట్లు ప్రదర్శిస్తుంటే అనవసరంగా గొడవకు దిగి ఒక్క గుద్దుతో పడగొట్టి, ఆ తరువాత తనే సిగ్గుపడతాడు. పాత కారును పారేసినట్టు తనను పారేయనివ్వనని అనే మనిషి అతను. తనకు ప్రపంచంలో మిగిలిన ఒకే ఒక ఆస్తి తెల్లవాణ్నన్న భావన, దానితో వచ్చే పైచేయి. నల్లవాడు తనతో సమానంగా 50,000 డాలర్ల వాటా తీసుకోవడం అతనికి కేవలం ఇష్టంలేని సంగతి కాదు, చివరి ఆస్తి కూడా చేజారిపోవడం. పేద తెల్లవాడి జాత్యహంకారానికి ఆర్థిక మూలాలు ఉంటాయన్న ఈ అవగాహన సానుభూతిలా కనిపించవచ్చు కానీ, చిత్రం అతని ద్వేషాన్ని ఎక్కడా సమర్థించదు. కారణం చెప్పడం వేరు, క్షమించడం వేరు. రయన్ నటన ఆ రెంటి మధ్య గీతను చెరగనివ్వలేదు.

రయన్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. నిజజీవితంలో ఆయన పౌరహక్కుల పక్షాన, అణ్వాయుధాలకు వ్యతిరేకంగా బహిరంగంగా నిలబడ్డ మనిషి. కానీ 1947లో ‘క్రాస్‌ఫైర్’లో యూదుణ్ని చంపిన సైనికుడిగా చేసిన పాత్ర నుంచి ద్వేషం నిండిన మనుషుల వేషాలు ఆయనను వెతుక్కుంటూ వచ్చాయి. స్లేటర్ పాత్ర వేయడం మొదట ఇష్టంలేకపోయిందని నల్లజాతి పాఠకుల పత్రిక ‘ఎబొనీ’లో ఆయన స్వయంగా రాశారు. తను అసహ్యించుకునే ఆలోచనను లోపలి నుంచి చూపించగలిగిన నటుడు దొరకడం ఈ చిత్రానికి దక్కిన పెద్ద బలం.

జానీ ఇంగ్రామ్ పరిస్థితి ఇంకోలా ఉంటుంది. అతను రాత్రి క్లబ్బులో పాడుతూ, లోహపు పట్టీలను కొట్టి మోగించే వైబ్రాఫోన్ అనే వాద్యం వాయిస్తాడు. మంచి దుస్తులు, మెరిసే కారు, అందరూ మెచ్చే నవ్వు అన్నీ ఉన్నాయి. గుర్రప్పందేల వల్ల బాకో అనే ముఠా నాయకుడికి 7,500 డాలర్లు బాకీ పడ్డాడు. బాకీ తీర్చకపోతే మాజీ భార్యకూ కూతురికీ ప్రమాదం. కూతుర్ని సెంట్రల్ పార్కుకు తీసుకెళ్లిన రోజున బాకో మనుషులు అక్కడ కూడా వెంట ఉంటారు. స్లేటర్‌లాగే ఇతను కూడా మూలకు నెట్టబడినవాడే అయినా, ఇతణ్ని నెట్టిన శక్తుల్లో ఇంకొకటి అదనంగా ఉంది. ఎంత ప్రతిభ ఉన్నా ఆ నగరంలో అతనికి దొరికే చోటు వేదిక మీద మాత్రమే. ఒక రాత్రి తాగి, తోటి గాయని పాడుతున్న పాట మధ్యలోకి చొరబడి వైబ్రాఫోన్‌ను ఇష్టమొచ్చినట్టు బాదుతూ ఆమె పాటను పాడుచేస్తాడు. నవ్వించడమే వృత్తిగా ఉన్న మనిషి లోపల ఎంత కోపం పేరుకుందో ఆ సన్నివేశం చెబుతుంది.

మాజీ భార్య రూత్ ఇంట్లో జరిగే ఘర్షణ ఈ చిత్రంలో అందరూ త్వరగా దాటిపోయే భాగం. ఆమె పాఠశాల తల్లిదండ్రుల సంఘంలో పనిచేస్తోంది. జానీ వెళ్లేసరికి తెల్లజాతి సభ్యులు కూడా ఆ ఇంట్లో కూర్చుని సమావేశం జరుపుతున్నారు. వాళ్లు వెళ్లాక అతను ఆమెను ఎత్తిపొడుస్తాడు: నీ తెల్ల అన్నయ్యలతో టీలు తాగితే ఏదో మారిపోతుందనుకుంటున్నావా అని. కూతురు బతకదగ్గ లోకాన్ని తయారుచేయాలని ప్రయత్నిస్తున్నానని ఆమె జవాబు. ఇది వాళ్ల లోకం, మనం ఇందులో ఊరికే ఉంటున్నామన్నది అతని అభిప్రాయం. ఈ వాదనలో ఎవరిది పైచేయో చిత్రం తేల్చదు. జానీకి కూడా ద్వేషం ఉందని ఈ సన్నివేశం గుర్తుచేస్తుంది. కానీ ఆ ద్వేషం స్లేటర్ ద్వేషంతో సమానం కాదు. స్లేటర్ తనకేమీ చేయని మనుషులను చూసి అసహ్యించుకుంటాడు. జానీ తనకు జరిగిన దానికి స్పందిస్తాడు. ఈ తేడాను చివరి సన్నివేశం చర్చకు వచ్చినప్పుడు మళ్లీ ఎత్తుకోవలసి ఉంటుంది.

మూడోవాడు డేవ్ బర్క్. ఎడ్ బెగ్లీ పోషించిన ఈ మాజీ పోలీసు, నేర విచారణ సంఘం ముందు నోరు విప్పనందుకు ఉద్యోగం పోగొట్టుకుని జైలుపాలైనవాడు. పథకం ఇతనిదే. ఇద్దరితోనూ బాగా మాట్లాడతాడు, ఇద్దరినీ విడివిడిగా ఒప్పిస్తాడు. మూడోవాడు నల్లవాడని ముందే చెప్పలేదేమని స్లేటర్ తిట్టుతో సహా నిలదీసినప్పుడు, అంతర్యుద్ధం నాటి పాత గోల ఇక్కడ వద్దనీ, ఇందులో ముగ్గురమూ సమానమేననీ గట్టిగా చెబుతాడు. వినడానికి ఎంతో బాగుంటుంది. చిత్రంలో జాతి సమానత్వాన్ని నోటితో ప్రకటించే మనిషి ఇతనొక్కడే. నాకు అన్నిటికంటే లోతైన విమర్శ ఇతని పాత్రలోనే కనిపిస్తుంది.

బర్క్ దృష్టిలో వాటాలు సమానంగా ఉంటే మనుషులు సమానమైనట్టే. ముగ్గురికీ డబ్బు అవసరం, ముగ్గురికీ ప్రమాదం ఒకటే, కాబట్టి పాత గొడవలను పక్కనపెట్టి పనిచేయవచ్చని అతని నమ్మకం. కానీ అతను పక్కనపెట్టమంటున్న విషయం మీదే అతని పథకం నిలబడి ఉంది. జానీని ఎంచుకున్నది మంచి దొంగ అని కాదు, అతనికి దోపిడీ అనుభవమే లేదు. అతని చర్మం రంగు డ్రగ్‌స్టోర్ పనివాడి రంగుతో సరిపోతుందని ఎంచుకున్నాడు. మెల్టన్ ఊరు నల్లవాళ్లందరినీ ఒకే మనిషిగా చూస్తుందన్న జ్ఞానాన్ని అతను పెట్టుబడిగా వాడుకుంటున్నాడు. వివక్ష బయటి ఊరిలో తమకు లాభం చేకూర్చేలా పనిచేయాలి, తమ ముగ్గురి మధ్య మాత్రం పనిచేయకూడదు అన్నది అతని షరతు. ఈ షరతు నెరవేరేది కాదని అతనికి తోచకపోవడం మూర్ఖత్వం వల్ల కాదు. ఆ విషయం వల్ల తనకెప్పుడూ నొప్పి కలగకపోవడం వల్ల. మంచి మాటలు చెప్పే తెల్లజాతి ఉదారవాదానికి ఇంత కచ్చితమైన చిత్రణ ఆ దశాబ్దపు నేర చిత్రాల్లో మరొకటి నాకు కనిపించలేదు.

దోపిడీకి ముందు ముగ్గురూ విడివిడిగా ఊరికి చేరి, చీకటిపడే వేళ కోసం ఎదురుచూసే భాగం చాలా నిదానంగా నడుస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణంలో దీన్ని చిత్రీకరించారు. నది ఒడ్డున జానీ కూర్చుంటే నీళ్లలో విరిగిన బొమ్మ ఒకటి తేలుతూ ఉంటుంది, మరోచోట స్లేటర్ తుపాకీతో కుందేలుకు గురిపెడతాడు. కొన్ని బయటి దృశ్యాలకు వైజ్ ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్ వాడటం వల్ల పగటి ఆకాశం నల్లగానూ మబ్బులు తెల్లగా మండుతున్నట్టుగానూ కనిపిస్తాయి. సంగీతం మోడరన్ జాజ్ క్వార్టెట్ అనే జాజ్ బృందానికి చెందిన జాన్ లూయిస్‌ది. వైబ్రాఫోన్ మీద మిల్ట్ జాక్సన్, పియానో మీద బిల్ ఎవాన్స్ వంటివారు వాయించిన ఆ సంగీతం ఉద్వేగాన్ని పొంగించదు, ఆపి ఉంచుతుంది. నల్లజాతి స్వరకర్తకు హాలీవుడ్ చిత్రం మొత్తానికి సంగీతం సమకూర్చే అవకాశం అరుదుగా దొరికే రోజులవి.

ఇక అసలు పని. బ్యాంకుకు వెళ్లబోయే ముందు పారిపోవడానికి సిద్ధం చేసిన కారు తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్న వస్తుంది. పథకం ప్రకారం పనివాడి వేషంలో ఉన్న జానీ బయటికి వెళ్లి కారు తేవాలి. వీధిలో ఎవరూ పట్టించుకోని మనిషి అతనే కాబట్టి అది సహజమైన ఏర్పాటు. స్లేటర్ ఒప్పుకోడు. తమ ప్రాణాలు నల్లవాడి చేతిలో పెట్టడం అతనికి చేతకాదు, కారు తీసుకుని ఒంటరిగా పారిపోతాడని అనుమానిస్తాడు. తాళంచెవి బర్క్ చేతికి వెళ్తుంది. ఇక్కడ వైజ్ చూపిన నేర్పు గమనించదగ్గది. వేషంలో ఉన్న జానీ వీధిలో నడిస్తే ఊరికి అతను కనిపించడు. బర్క్ నడిస్తే కనిపిస్తాడు. అంటే ఊరి వివక్ష ఇచ్చిన రక్షణను ముఠాలోని వివక్ష తీసేసింది. బయటికి వచ్చిన బర్క్‌ను పోలీసులు చూస్తారు, కాల్పులు జరుగుతాయి, గాయపడి వీధిలో పడిపోయిన అతని దగ్గరే తాళంచెవి చిక్కుబడుతుంది. పట్టుబడటం కంటే చావే మేలనుకుని అతను తననే కాల్చుకుంటాడు. లోపల చిక్కుకున్న ఇద్దరికీ డబ్బు ఉంది, కారు ఉంది, తాళంచెవి లేదు. ఒక దురభిమానానికి ఇంత చిన్న, ఇంత గట్టి భౌతికరూపం ఇవ్వడం స్క్రీన్‌ప్లే రచనలో అరుదైన విజయం.

ఆ తరువాత ఇద్దరూ పోలీసులను మరచిపోయి ఒకరినొకరు వేటాడుకుంటారు. వేట ఇంధనం నిల్వచేసే పెద్ద ట్యాంకుల మీదికి చేరుతుంది, తుపాకులు పేలతాయి, అంతా బద్దలవుతుంది. కాలిపోయిన రెండు శవాలను చూసి ఒకరు వీటిలో ఎవరు ఎవరని అడుగుతారు. మీకు తోచినట్టు అనుకోండన్నట్టుగా ఇంకొకరు జవాబిస్తారు. ‘ఆగు, ముందు దారి లేదు’ అన్న హెచ్చరిక బోర్డు మీద చిత్రం ముగుస్తుంది.

ఈ ముగింపు మూలకథలోది కాదు. విలియం మెక్‌గివర్న్ 1957లో రాసిన నవలలో దోపిడీ చెడిపోయాక ఇద్దరూ కలిసి తలదాచుకుంటారు, క్రమంగా వాళ్ల మధ్య ఒక రకమైన అవగాహన ఏర్పడుతుంది. చిత్రం తయారవుతున్న కాలానికే, 1958లో, ‘ది డిఫయంట్ వన్స్’ వచ్చి పేరు తెచ్చుకుంది. అందులో ఒకే గొలుసుకు కట్టబడి పారిపోయిన నల్లజాతి, తెల్లజాతి ఖైదీలు ద్వేషంతో మొదలుపెట్టి స్నేహంతో ముగిస్తారు. పోయిటియర్ పాత్ర తను ఎక్కిన రైలును వదులుకుని తెల్లవాడి కోసం కిందికి దూకుతుంది. ఆ త్యాగాన్ని తెల్ల ప్రేక్షకులు మెచ్చుకున్నారు, నల్ల ప్రేక్షకుల్లో చాలామందికి అది మింగుడుపడలేదు. ‘ఆడ్స్ అగైన్‌స్ట్ టుమారో’ నిర్మాతలు రాజీ దృశ్యాన్ని తెలిసే తిరస్కరించారు. తనను మనిషిగా గుర్తించనివాడి కోసం నల్లవాడు ఎందుకు రైలు దిగాలన్న ప్రశ్నకు ఈ ముగింపు ఒక జవాబు.

దీనిమీద ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేము. రెండు శవాలూ ఒకేలా కాలిపోయాయని చూపించడంలో, ద్వేషించినవాణ్నీ ద్వేషానికి గురైనవాణ్నీ చిత్రం ఒకే తక్కెడలో పెట్టలేదా? చర్మం కింద అందరం ఒకటేనన్న సులువైన నీతిని చివరి నిమిషంలో అతికించలేదా? ఆ మాటలను విడిగా తీసి చదివితే ఈ విమర్శ నిజమే. కానీ వాటికి ముందు జరిగినదంతా కలిపి చూస్తే నాకు అర్థం వేరుగా తోస్తుంది. బతికి ఉన్నంతకాలం ఈ ఇద్దరినీ వేరుచేయడానికి ఆ సమాజం లిఫ్టులను, ఇళ్లను, ఉద్యోగాలను, భాషను వాడుకుంది. కాలిపోయాక అదే సమాజానికి ఎవరు ఎవరో తెలుసుకోవలసిన అవసరం లేకపోయింది. అక్కడి ప్రశ్న ఆ ఇద్దరి గురించి కాదు, శవాల పక్కన నిలబడినవాళ్ల నిర్లక్ష్యం గురించి. పైగా, పక్కతలుపు దగ్గర పనికొచ్చిన అలవాటే ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది: నల్లవాడి ముఖం ఎలాగూ చూడని లోకం చివరికి ఎవరి ముఖాన్నీ చూడలేని స్థితికి చేరింది. అయినా, జానీ కోపానికీ స్లేటర్ ద్వేషానికీ తేడా చూపిన చిత్రం ముగింపులో ఆ తేడాను కొంత మసకబార్చిందని ఒప్పుకోవాలి.

ఈ చిత్రం ఎవరిదన్న ప్రశ్న కూడా విషయానికి బయటిది కాదు. 1956లో ‘కాలిప్సో’ పాటల రికార్డుతో దేశమంతా పేరు మోగిన బెలాఫాంటే, హాలీవుడ్ తనకు ఇచ్చే పాత్రలతో విసిగి హార్‌బెల్ అనే సొంత నిర్మాణ సంస్థ పెట్టారు. ఈ చిత్రం వచ్చిన 1959లోనే విడుదలైన ‘ది వరల్డ్, ది ఫ్లెష్ అండ్ ది డెవిల్’లో జాతి సమస్యను మెత్తబరచిన తీరు ఆయనకు నచ్చలేదు. ఈ చిత్రానికి స్క్రీన్‌ప్లే రాయడానికి ఆయన ఎంచుకున్న మనిషి ఏబ్రహం పొలోన్‌స్కీ. ‘ఫోర్స్ ఆఫ్ ఈవిల్’ తీసిన ఈ వామపక్ష రచయిత 1951లో కమ్యూనిస్టుల కోసం వేటాడిన అమెరికా ప్రతినిధుల సభ విచారణ సంఘం ముందు సహచరుల పేర్లు చెప్పడానికి నిరాకరించి, హాలీవుడ్ పని ఇవ్వని బ్లాక్‌లిస్టులో చేరి, సొంత పేరుతో రాసే వీలు కోల్పోయారు. అందుకని తెరమీద నల్లజాతి నవలా రచయిత జాన్ ఆలివర్ కిలెన్స్ పేరు, నెల్సన్ గిడింగ్ పేరు పడ్డాయి. హార్లెమ్ రచయితల సంఘం స్థాపకుల్లో ఒకరైన కిలెన్స్ తన పేరును అరువిచ్చి ఒక నిషిద్ధ రచయితను కాపాడారు. సంఘం ముందు నోరు విప్పనందుకు జీవితం పోగొట్టుకున్న బర్క్ పాత్రలో పొలోన్‌స్కీ సొంత అనుభవపు నీడ కనిపిస్తుంది. అయినా ఆయన ఆ పాత్రకు నిర్దోషిత్వాన్ని కట్టబెట్టలేదు, తన లాంటివాళ్ల చూపులోని గుడ్డితనాన్ని కూడా అందులోనే పెట్టారు. రచయితల గిల్డ్ ఆయన పేరును అధికారికంగా తిరిగి చేర్చేసరికి 1996 వచ్చింది.

చిత్రం 1959 అక్టోబరులో విడుదలైంది. బడుల్లో జాతుల విభజన చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పి ఐదేళ్లు, లిటిల్ రాక్‌లో తొమ్మిదిమంది నల్ల విద్యార్థులను బడిలోకి చేర్చడానికి సైన్యం దిగి రెండేళ్లు గడిచాయి. బస్సుల్లో జాతుల విభజనకు వ్యతిరేకంగా జరిగిన మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ కాలంలోనే మార్టిన్ లూథర్ కింగ్‌ను కలిసిన బెలాఫాంటే అప్పటికే ఆయనకు సన్నిహితులు. ఇంత జరుగుతున్న కాలంలో చిత్రం చూపించిన దారులు మూడే: స్లేటర్ ద్వేషం, జానీ కోపం, బర్క్ లెక్క. మూడూ మూసుకుపోయాయి. నాలుగో దారి రూత్‌ది, దానికి చిత్రం కొద్ది నిమిషాలే కేటాయించింది. ఆ నిమిషాల్లో కూడా జానీ వెటకారానికే ఎక్కువ పదును ఇచ్చింది, ఆమె ఓర్పును టీ సమావేశాల అమాయకత్వంగా వదిలేసింది. 1960 ఫిబ్రవరి 1న, అంటే విడుదలైన నాలుగు నెలలకు, నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలో తెల్లవాళ్లకు మాత్రమే కేటాయించిన భోజనపు బల్ల దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వబోమని చెప్పినా లేవలేదు. రూత్ ఓర్పూ జానీ ధిక్కారమూ ఒకే మనిషిలో కలిసి ఉండగలవన్న సంగతి, పక్కతలుపు దగ్గర కాఫీ తెచ్చే మనిషి మీద ఇంత ఆలోచించిన ఈ చిత్రానికి తోచలేదు. నువార్ చట్రంలో అలాంటి మనిషికి చోటు లేదు. అది వైజ్ లోపమా, ఆ కథాప్రక్రియ హద్దా అని అడిగితే, ఆ హద్దు వైపు వెళ్లి ఆగిపోయిన చిత్రాల్లో ఇదే అన్నిటికంటే దూరం వెళ్లిందన్నది నా అభిప్రాయం.